వింబుల్డనులో ఆట వెలుపలి వేడుక



ఇంగ్లండు దేశమున లండను నగరమునకు నైరృతి దిశను వింబుల్డన్ అను పేట కలదు. అచ్చట ప్రతి వేసవియందును రెండు వారములపాటు టెన్నిసు పందెములు జరుగును. 1877వ సంవత్సరమున తొలిసారి జరిగినప్పుడు పోటీకి దిగినవారు 22 మంది పురుషులు మాత్రమే. తుదియాటను తలకొక షిల్లింగు చెల్లించి చూచినవారు సుమారు 200 మంది. నేడు ఆ పక్షము దినములలో వచ్చు జనసంఖ్య ఐదు లక్షలను మించుచున్నది.

ఆటను గూర్చి పత్రికలు వ్రాయుచునే యున్నవి. ఈనాడు నేను మనవి చేయబోవునది ఆటస్థలము వెలుపల జనులు పొందు వేడుకను గూర్చి. ముఖ్యమైన ఆటను కన్నులార చూడజాలనివాడు ఆ వేడుకతో తృప్తి చెందగలడా? ఈ ప్రశ్న నాకు స్వానుభవమున గలిగినది.

2019వ సంవత్సరము జులై 5వ తేదీ, శుక్రవారము. లండనులో కాపురమున్న మా అమ్మాయి నన్ను వెంటబెట్టుకొని పోయెను. చిన్ననాటినుండి రేడియోలో ఈ పందెముల వార్తలు వినుచు వచ్చినవాడను. ఒక్కసారి సెంటర్ కోర్టులో కూర్చుండవలెనని నా కోరిక. కోర్టనగా ఇచ్చట న్యాయస్థానము గాదు. గీతలు గీచి నడుమ వల కట్టిన పచ్చిక చదరము. సెంటర్ కోర్టు చుట్టును సుమారు పదునైదువేల మంది కూర్చుండుటకు వలయముగా ఆసనములున్నవి.

ఆ ఆసనములలో చాల భాగము ముందుగానే చీట్లు తీసి పంచిపెట్టుదురు. అయినను మూడు పెద్ద కోర్టులలోను కోర్టొక్కింటికి సుమారు 500 చొప్పున స్థానములను, ఆనాటి ఉదయమున వరుసలో నిలిచినవారికై యుంచుదురు. సెంటర్ కోర్టునకు మాత్రము చివరి నాలుగు దినములు ఈ వసతి లేదు. మేము తెల్లవారి చేరునప్పటికే వేలాది జనము నిలిచియుండిరి. పలువురు రాత్రియే వచ్చి గుడారములలో నిద్రించిరి. మా చేతికిచ్చిన చీటిమీది సంఖ్య రెండువేలు దాటియుండెను. ఇక చిన్న కోర్టులచుట్టు తిరుగుటకు తప్ప మాకు అర్హత లేదని తేలినది. నా మనస్సు చివుక్కుమన్నది. ఇంటికి మరలుదమంటిని. “ఇంతదూరము వచ్చితిమి గదా నాన్నగారూ, లోపలికి పోయి చూతము” అని మా అమ్మాయి నన్ను నిలిపెను.

అచ్చటి మొదటి వేడుక ఆ వరుసయే. ఒకరికొరకు మరియొకరు తావు పట్టియుంచరాదు. దుప్పటి పరచి పోయినంత మాత్రమున స్థలము మనది కాదు. కొలది నిమిషములు అవసరమునకై పోయి రావచ్చును. ధనికుడైనను, కూలివాడైనను సంఖ్య సంఖ్యయే. త్రోపులాట లేదు. ప్రక్కవారు తమ రొట్టెను, తేనీటిని మాతో పంచుకొనిరి. మా ముందున్న వృద్ధురాలొకతె పెక్కు సంవత్సరములుగా వచ్చుచున్నదట. పెద్ద కోర్టు దొరకిన దినములు మాత్రము చాల తక్కువయట. మరి యెందుకు వచ్చెదరని అడిగితిని. “ఆట ఇంటివద్ద తెరమీదను కనబడును. ఈ మనుష్యులు ఇంటివద్ద దొరకరు” అని ఆమె యనెను.

లోపల ప్రవేశించినంతనే అందరును కొనునవి స్ట్రాబెరి పండ్లు. ఇవి కెంటు మండలపు తోటలలో తెల్లవారుజామున కోయబడి ఆ దినముననే వచ్చును. దొన్నెకు పదింటికి తక్కువ కాకుండ పెట్టి పైన మీగడ పోయుదురు. 2010 మొదలు 2024 వరకు దొన్నె వెల రెండున్నర పౌనులే. 2025లో ఇరువది పెన్నీలు పెంచగా అదియొక వార్తయైనది. జనము క్రిక్కిరిసిన చోట వెల పెంచుట వర్తకులకు సులభము. అందరికిని అందుబాటులో నుండవలెనని నిర్వాహకులు దానిని అన్ని సంవత్సరములు నిలిపియుంచిరి.

పచ్చికను గూర్చియు ఒకమాట. రైగడ్డి అను జాతి గడ్డిని పెంచి, పందెముల దినములలో ఎనిమిది మిల్లీమీటర్ల ఎత్తునకు కత్తిరించి యుంచుదురు. పావురములు వచ్చి వాలకుండ రూఫస్ అను డేగను ద్వారములు తెరువకమునుపే ఆటస్థలముపై ఎగురవేయుచుండిరి. మన జొన్నచేలలో మంచెనెక్కి వడిసెల త్రిప్పువాడు చేయు పనినే ఆ పక్షి చేయుచుండెను. మేము లోపలికి పోవునప్పటికి దాని పూట పని ముగిసినది.

అచ్చటనే 1977లో స్థాపింపబడిన టెన్నిసు ప్రదర్శనశాల కలదు. పూర్వపు కొయ్య రాకెట్లను, నేలను జీరాడు పావడాలతో స్త్రీలాడిన కాలపు దుస్తులను అందు చూచితిని. పురుషులకిచ్చు బంగారుపూత వెండిపాత్ర 1887 నాటిది. దాని మూతపై అనాసపండు బొమ్మ యుండును. వెలుపల ఫ్రెడ్ పెర్రీ విగ్రహమున్నది. ప్రత్తిమిల్లులో నూలు వడికిన కార్మికుని కుమారుడాతడు. 1934, 1935, 1936 సంవత్సరములలో వరుసగా గెలిచెను. ఆ విగ్రహము చెంత మన హైదరాబాదు సానియా మీర్జా నాకు జ్ఞప్తికి వచ్చినది. ఆమె 2015లో మార్టినా హింగిసుతో కలసి ఇచ్చటనే స్త్రీల జంటల పందెమున గెలిచెను.

సాయంకాలమునకు గుట్టపైకి చేరితిమి. అది పచ్చికతో నిండిన వాలునేల. దాని పేరు అయొరాంగి. న్యూజీలండులోని ఒక మహాపర్వతమునకు అచ్చటి మావోరీలు పెట్టుకొన్న పేరిది. ఎదుట పెద్ద తెరపై సెంటర్ కోర్టులోని ఆట కనబడుచుండెను. పదునైదేండ్ల అమెరికా బాలిక కోకో గాఫ్, స్లొవేనియా దేశపు పొలోనా హెర్ట్సోగుతో ఆడుచుండెను. మూడు భాగములలో రెండు గెలిచినవారిదే జయము. బాలిక మొదటి భాగమును పోగొట్టుకొని, రెండవ దానిలోను 5–2తో వెనుకబడెను. మరియొక్క పాయింటు పోయిన ఓటమి యను స్థితి రెండుమార్లు వచ్చెను. రెండుమార్లును తప్పించుకొని, ఆ భాగమును, పిమ్మట మూడవదానిని 7–5తో గెలిచెను. గుట్టమీది జనమెల్ల ఒక్క పెట్టున లేచి నిలిచిరి. నా ప్రక్కనున్న అపరిచితుడు నా చేయి పట్టుకొని ఊపెను. నేనును కేక వేసితినని మా అమ్మాయి తరువాత చెప్పి నవ్వెను.

మరియొక యేర్పాటును చెప్పి ముగించెదను. ముందుగా ఇంటికి మరలువారు తమ టిక్కెట్లను వదలిపోవుదురు. వానిని వేచియున్నవారికి కొలది వెలకు అమ్మి, ఆ సొమ్మును ధర్మకార్యములకు వినియోగింతురు. 1954 నుండి ఇది సాగుచున్నది. ఆనాడు ఆ వరుస దీర్ఘముగా నుండెను. నా మోకాళ్ళు అందుకు ఒప్పుకొనలేదు.

సెంటర్ కోర్టులో కూర్చుండలేదను కొరత నాకిప్పటికిని కలదు. లేదనుట అబద్ధమగును. అయినను ఆ దినము వృథయైనదని నేననజాలను. గర్భగుడి చిన్నది, తిరునాళ్ళు పెద్దది. లోపలికి చేరలేనివాడే ఎల్లప్పుడును అధికసంఖ్యాకుడు. వానికి న్యాయమైన వరుసయు, న్యాయమైన వెలకు ఇంత తినుబండారమును, పదిమందితో కలసి కూర్చుండుటకు ఒక గుట్టయు కల్పించినవాడే ఉత్సవమును నిర్వహింప నేర్చినవాడు. గ్రామములలో ఉత్సవములు నడపు పెద్దలు మీరు. ఈ సంగతిని యోచింతురుగాక యని మనవి చేసి సెలవు తీసికొనుచున్నాను.