పట్టేసిన డోర్ పిన్ను: పాత కార్ల అపోహలు – వాస్తవాలు

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో పాత అంబాసిడర్‌నో ఫియట్‌నో అపురూపంగా కాపాడుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1950ల చివర్లో మొదలైన అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది. ముంబై కుర్లాలో తయారైన ఫియట్ 1100, దాని వారసురాలు ప్రీమియర్ పద్మిని అంతకు ముందే కనుమరుగయ్యాయి. ఇంజిన్ సామాన్లు ఎలాగోలా సంపాదించవచ్చు. బాడీ చెడితే మాత్రం దాన్ని మళ్లీ పుట్టించడం కష్టం. ఇలాంటి బండికి వయసు మీద పడిందని ముందుగా చెప్పేది తలుపే. వెయ్యబోతే కిందికి వాలి ఉంటుంది, చేత్తో ఎత్తి పట్టుకుంటే తప్ప లాక్‌లో కూర్చోదు. కీలులో పిన్ను, బుష్ అరిగాయని అర్థం. వాటిని మార్చాలంటే పాత పిన్ను బయటికి రావాలి. అది రాదు. అక్కడి నుంచి మొదలవుతుంది అసలు నష్టం. పిన్ను మొండికేసింది కాబట్టి బలం పెంచాలన్న ఆలోచన చుట్టూ మన గ్యారేజీల్లో చాలా నమ్మకాలు అల్లుకున్నాయి. నా వాదన దానికి ఎదురు: పిన్నును పట్టి ఉంచింది ఏమిటో తెలియకుండా బలం పెడితే ఆ బలమంతా పిన్ను మీద కాక తలుపును మోసే పిల్లర్ మీద పడుతుంది. పిన్నుకు లేత్ షాపులో వందల్లో అయిపోయే ఖర్చు. పిల్లర్ అలా దొరికేది కాదు.

ముందు ఓ స్థానిక అపోహ. మనకు సముద్రం లేదు, ఉప్పుగాలి లేదు, కాబట్టి వరంగల్ బండికి తుప్పు బాధ ఉండదని చాలామంది గట్టిగా నమ్ముతారు. విశాఖలోనో చెన్నైలోనో ఉన్న బండితో పోలిస్తే బయటి రేకు విషయంలో ఇది కొంత నిజమే. కానీ తుప్పుకు కావలసినవి నీరు, ఆక్సిజన్ మాత్రమే. ఉప్పు దాన్ని వేగవంతం చేస్తుంది, అంతే. ఏడాదికి దాదాపు వెయ్యి మిల్లీమీటర్ల వాన, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే పడే ఊరు మనది. వాన వెలిసిన గంటకే బానెట్ ఆరిపోతుంది. పిన్నుకూ అది దూరే కీలు గొట్టానికీ మధ్య వెంట్రుకవాసి సందులోకి పాకిన నీరు మాత్రం రోజుల తరబడి అక్కడే ఉంటుంది, ఎందుకంటే దానికి గాలి తగిలే దారి లేదు. పైగా వేసవి దుమ్ము పాత గ్రీజుకు అంటుకుని చెమ్మను పట్టి ఉంచుతుంది. బండిని కాపాడుతున్నామనుకుని కప్పే ప్లాస్టిక్ టార్పాలిన్ లోపలి తేమను బయటికి పోనివ్వక హాని చేస్తుంది. 2023 జూలైలో కాలనీలు మునిగి, భద్రకాళి చెరువు కట్ట తెగినప్పుడు నీళ్లలో నిలిచిన బండ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. కింది కీలులోకి నీటితో పాటు ఒండ్రు కూడా చేరుతుంది. ఇనుము తుప్పుగా మారినప్పుడు, ఏ రకం తుప్పు అన్నదాన్ని బట్టి, అది ఆక్రమించే చోటు రెండు రెట్ల నుంచి ఆరు రెట్ల దాకా పెరుగుతుంది. మూసుకున్న సందులో పెరిగిన పదార్థం ఇంకెక్కడికీ పోలేదు. పిన్నును నలువైపులా బిగిస్తుంది. పట్టేయడమంటే ఇదే.

అయితే ప్రతి మొండి పిన్నూ తుప్పువల్లే మొండికేయదు, ఇక్కడే చాలామంది పొరపడతారు. తలుపు సాఫీగా తెరుచుకుంటోంది కదా, పిన్ను వదులుగానే ఉందనుకుంటారు. మామూలుగా కీలుకు రెండు రెక్కలుంటాయి. ఒక రెక్కలో పిన్ను గట్టిగా దిగ్గొట్టి ఉంటుంది, రెండోదానిలో బుష్ మీద తిరుగుతుంది. కాబట్టి తలుపు కదలడం అనేది తిరిగే రెక్క గురించి మాత్రమే చెబుతుంది. బిగుతు రెక్కలో పిన్ను ఫ్యాక్టరీలో ఎంత గట్టిగా దిగిందో ఇప్పటికీ అంతే గట్టిగా ఉండవచ్చు. దీనికి తలకిందుల పరిస్థితి మరీ ప్రమాదకరం. తిరగాల్సిన చోట తుప్పు పట్టేస్తే, తలుపు తీసినప్పుడల్లా పిన్ను బిగుతు రెక్కలో తిరగడం మొదలుపెట్టి ఆ రంధ్రాన్ని తినేస్తుంది. అప్పుడు అదే సైజు కొత్త పిన్ను వేసినా నిలవదు, లావుపాటిది చేయించాలి. తలుపును నెమ్మదిగా ఊపుతూ పిన్ను తలను దగ్గరగా చూస్తే అది ఏ రెక్కతో పాటు కదులుతోందో కనిపిస్తుంది. తల మీద సుద్దతో ఒక గీత గీస్తే ఇంకా స్పష్టం. కొన్ని పిన్నుల ఒక చివర సన్నని గాట్లు ఉంటాయి, పట్టు కోసం. ఆ చివర ఎటు ఉంటే అటే బయటికి రావాలి. ఎదురు దిక్కులో కొడితే గాట్లు రంధ్రమంతా చీల్చుకుంటూ పోవాలి, పోవు. పైకీలు పిన్ను ఒక దిక్కుకు, కిందిది మరో దిక్కుకు వచ్చే బండ్లూ ఉన్నాయి. రంగు పొరలు గీకి, వైర్ బ్రష్‌తో రెండు చివరలూ శుభ్రం చేసి, పక్క స్క్రూ గానీ లాక్ క్లిప్పు గానీ దాగి ఉందేమో చూడకుండా సుత్తి పట్టడం తొందరపాటే. తలుపు బరువు సంగతీ ఇలాంటిదే. అద్దంతో, దాన్ని ఎక్కించే యంత్రంతో కలిపి పాత తలుపులు బరువైనవి. ఆ బరువు పిన్నును పక్కకు నొక్కుతుంటే తుప్పు లేకపోయినా కదలదు. కింద జాకీ పెట్టి, మీద చెక్క, గుడ్డ వేసి బరువు ఎత్తగానే కొన్ని పిన్నులు ఇంకేమీ అవసరం లేకుండా లొంగుతాయి.

ఇక నూనెలు. డబ్ల్యూడీ-40 కొడితే తుప్పు కరుగుతుందనేది అందరికీ తెలిసిన అపోహ. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో రాకెట్ కెమికల్ కంపెనీ దాన్ని తయారుచేసింది తేమను తరిమేయడానికి. అట్లాస్ క్షిపణి పైతొడుగుకు తుప్పు పట్టకుండా వాడారు. పేరులోని 40 అంటే నలభయ్యో ప్రయత్నమని. అది తుప్పు పట్టకుండా చూస్తుంది, పట్టిన తుప్పును కరిగించదు. అదే కంపెనీ పట్టేసిన భాగాల కోసం వేరే స్ప్రే అమ్ముతోందంటే సంగతి తెలుస్తూనే ఉంది. కిరసనాయిలు పలచన కాబట్టి సందులోకి బాగానే పాకుతుంది, కానీ ఆవిరైపోయాక జారుడు మిగల్చదు; కొంచెం ఇంజిన్ ఆయిల్ కలిపితే ఆ లోటు తీరుతుంది. బ్రేక్ ఆయిల్ పోయమనే సలహా మాత్రం వద్దే వద్దు. అది రంగును పొక్కులు లేపి ఊడదీస్తుంది, గాలిలోని నీటిని పీల్చుకుంటుంది. అసిటోన్‌ను గేర్ ఆయిల్‌తో కలిపి పోయడం ఇప్పుడు కొత్త మోజు. ఆ రెండూ సరిగా కలవవు, కాసేపటికి వేరుపడతాయి. అసిటోన్ రంగును తినడమే కాక, మన మే నెల ఎండలో చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. కూల్‌డ్రింకులోని ఆమ్లం విడి భాగాన్ని గంటల తరబడి నానబెడితే పైతుప్పు కొంత తీస్తుందేమో గానీ, కీలు సందులో చక్కెర జిగురు మిగల్చడమే దాని పని. ఏ నూనె అన్నదానికన్నా అది లోపలికి వెళ్లే దారి, సమయం ముఖ్యం. దుమ్ము, రంగు గీకేసి, రెండు రెక్కలు కలిసే గీత దగ్గర చుక్కలు చుక్కలుగా వేసి, మధ్యమధ్య సుత్తితో చిన్నగా తడుతూ, తలుపును కొద్దిగా ఊపుతూ ఒకటి రెండు రోజులు వదిలేయాలి. గీతలోంచి ఎర్రమట్టి రంగు నూనె కారడం మొదలైతే లోపల కదలిక వచ్చినట్టు. నూనె శుభ్రంగానే బయటికి వస్తుంటే అది ఇంకా లోపలికి చేరలేదు.

సుత్తి గురించి రెండు రకాల అపోహలున్నాయి, రెండూ తప్పే. పెద్ద సుత్తితో ఒక్కటి వేస్తే వస్తుందనేది మొదటిది. ఆ దెబ్బకు తలుపూ పిల్లరూ కలిసి వెనక్కి ఊగుతాయి. దెబ్బ బలం రేకు మింగేస్తుంది, వెల్డింగ్ అతుకులు పగులుతాయి, పిన్ను అంగుళం కూడా కదలదు. దీనికి భయపడి చిన్న సుత్తితో వందసార్లు టకటకా కొట్టడం రెండోది. దానివల్ల పిన్ను చివర పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. రంధ్రం కన్నా లావైన ఆ తల ఇక లోపలికి దిగే ప్రసక్తే లేదు. తేల్చాల్సింది సుత్తి చిన్నదా పెద్దదా అన్నది కాదు, దెబ్బకు వెనక ఆధారం ఉందా అన్నది. కీలుకు అవతలి వైపు మరో మనిషి బరువైన ఇనుప దిమ్మను గట్టిగా ఆనించి పట్టుకోవాలి, పిన్ను దూరే చోటు మాత్రం వదలాలి. పంచ్ పిన్ను కన్నా పిసరంత సన్నగా, చివర చదునుగా ఉండాలి. అప్పుడు ఓ మోస్తరు బరువున్న సుత్తితో కచ్చితంగా పడిన కొన్ని దెబ్బలు చాలు. ఇంకా మేలైంది సి-క్లాంప్. ఒక వైపు పిన్నుకు సరిపోయే గూటం, మరో వైపు పిన్ను దూరేంత సాకెట్ పెట్టి బిగిస్తే ఒత్తిడి నిలకడగా పిన్ను మీదే పడుతుంది, పిల్లర్ మీద కాదు. బిగించి ఉంచి గొట్టాన్ని పక్కనుంచి సుత్తితో తడితే తుప్పు పట్టు విరిగి, టక్కున కదులుతుంది. కదిలాక కూడా ఒకే దిక్కుకు తోయకుండా, కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి, మళ్లీ నూనె. తుప్పు పొడి బయటికి రావాలి కదా.

వేడి గురించి ఓ విచిత్రమైన భయం ఉంది: ఇనుము కాలిస్తే వ్యాకోచిస్తుంది కాబట్టి రంధ్రం మూసుకుపోయి పిన్ను ఇంకా బిగుస్తుందని. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించే కమ్మరిని చూసినవాళ్లకు ఇది ఎంత తప్పో తెలుసు. పట్టాను నిప్పుల్లో ఎర్రగా కాల్చాకే అది చెక్క చక్రం మీదికి ఎక్కుతుంది, నీళ్లు పోసి చల్లార్చాక బిగుస్తుంది. రంధ్రం కూడా లోహంతో పాటే పెరుగుతుంది. కానీ ఎంత? పది మిల్లీమీటర్ల రంధ్రాన్ని 300 డిగ్రీలు వేడి చేస్తే పెరిగేది మిల్లీమీటరులో వంద వంతుల్లో నాలుగు కూడా కాదు, దాదాపు అర వెంట్రుక మందం. ఈలోపు పిన్ను కూడా వేడెక్కుతుంది కాబట్టి ఆ లాభమూ క్షణాలదే. మరి వేడి ఎందుకు పనిచేస్తుంది? వేడెక్కి చల్లబడే క్రమంలో తుప్పు పొర నలిగి చిట్లుతుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడు వేసిన నూనెను ఆ పగుళ్లు లోపలికి లాక్కుంటాయి. అందుకే ఎర్రబడేదాకా కాల్చాల్సిన పని లేదు. గ్యాస్ టార్చ్‌తో కీలు అంతా ఎర్రగా కాల్చే అలవాటు వల్ల రంగు, రబ్బరు, అప్హోల్‌స్టరీ, వైర్లు పోవడం ఒక నష్టమైతే, చాలా పాత బాడీల్లో అతుకుల దగ్గర నింపిన సీసం-తగరం పూత 200 డిగ్రీల చుట్టుపక్కలే మెత్తబడి జారిపోవడం మరొకటి. ముందుగా బ్యాటరీ వైరు తీసి, డోర్ ప్యానెల్ విప్పి, నూనె తడి తుడిచి, తడిగుడ్డ, ఇసుక దగ్గర పెట్టుకుని, కీలు గొట్టానికి మాత్రమే కాసేపు వేడి చూపించాలి. పెట్రోలు వాసన వస్తుంటే అసలు ముట్టించకూడదు.

ఈ నిదానపు పద్ధతికి మెకానిక్‌లు చెప్పే అభ్యంతరం తేలిగ్గా తీసేసేది కాదు. రెండు రోజులు బండిని షెడ్డులో ఉంచుకుంటే ఆ రోజుల కూలీ ఎవరిస్తారు, కట్టర్‌తో కీలు కోసేసి కొత్తది వెల్డింగ్ పెడితే గంటలో పని అయిపోతుంది కదా అంటారు. వాళ్ల లెక్కలో తప్పు లేదు, యజమాని ఆ రెండు రోజుల కూలీ ఇవ్వడానికి సిద్ధపడకపోవడంలో ఉంది తప్పు. కోసి వెల్డింగ్ చేసిన కీలు ఒక డిగ్రీ తేడా వచ్చినా తలుపు అంచు ఎప్పటికీ సరిపడదు. పిల్లర్ చెడితే ఎంత నష్టమో చెప్పడానికి 1950ల నాటి ఫియట్ 1100, డుక్కర్ ఫియట్ అని పేరుపడ్డది, మంచి ఉదాహరణ. దాని ముందు తలుపులు కూడా వెనక వైపు, నడిమి పిల్లర్‌కే వేలాడేవి. అంటే ఆ ఒక్క పిల్లర్ పాడైతే ఆ వైపు రెండు తలుపులూ పోయినట్టే. చట్టం కోణం కూడా ఉంది. 2021లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండి అసలు రూపంలోనే ఉండాలి, చాసిస్‌లో గానీ బాడీ షెల్‌లో గానీ ఇంజిన్‌లో గానీ మార్పు చేసి ఉండకూడదు. దీన్ని విని, పాత పిన్ను మారిస్తే వింటేజ్ హోదా పోతుందని భయపడేవాళ్లూ ఉన్నారు. అరిగిన పిన్నునూ బుష్‌నూ అదే కొలతతో మార్చడం మరమ్మతే, బాడీ షెల్ మార్పు కాదు. పిల్లర్‌ను కోసి మరో కారు కీలు అతికించడం మాత్రం నేరుగా ఆ మాట పరిధిలోకి వస్తుంది.

ఇన్ని చేసినా రాని పిన్ను ఉంటుంది, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. అప్పుడు డ్రిల్లే మార్గం, కానీ బండి మీద కాదు. చేతి డ్రిల్‌తో వంగి చేస్తే కేంద్రం తప్పి గొట్టం గోడ తెగుతుంది. కీలును పిల్లర్ నుంచి విప్పి ఆటోనగర్‌లో లేత్ ఉన్నచోట బిగించి చేయించాలి. విప్పేటప్పుడు స్క్రూలు కూడా పట్టేసి ఉంటాయి. వాటికి ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్ వాడాలి, వెనక ఉండే నట్టు ప్లేటు పిల్లర్ లోపల పడిపోకుండా ముందే చూసుకోవాలి, కీలు ఉన్న చోటు చుట్టూ గీత గీసుకోవాలి. ముందు సన్నని డ్రిల్, తర్వాత లావుది, చివరికి పిన్ను మందం కన్నా కొంచెం తక్కువలోనే ఆపి, మిగిలిన పొరను పంచ్‌తో తోసేయాలి. కొత్త పిన్నుకు చేతికందిన కడ్డీ ముక్క వేసేయడం చివరి పొరపాటు. మెత్తటి ఇనుము ఏడాదిలో అరుగుతుంది. ఈఎన్8 ఉక్కును రంధ్రం కొలత తీసుకున్నాకే తిప్పించాలి; బిగుతు రెక్కలో బిగుతుగా, బుష్‌లో వేలితో నెడితే జారేలా. తిరిగే భాగంలో గ్రీజు పారడానికి సన్నని గాడి ఒకటి అప్పుడే పెట్టించుకుని, వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి పాత గ్రీజు తుడిచి కొత్తది పట్టిస్తే చాలు. దుమ్ము కలిసిన గ్రీజు మీదే మళ్లీ గ్రీజు పూయకూడదు, అది పిన్నును సానబెట్టినట్టే అరగదీస్తుంది.