క్షయకు మందు కంచంలోనూ ఉంది

టీబీని గంటలో పట్టేసే యంత్రం మన దేశంలోనే తయారవుతోంది. పాత మందులకు లొంగని మొండి రకాన్ని ఆర్నెల్లలో నయం చేసే మాత్రలూ వచ్చాయి. అయినా ఏటా దాదాపు 3 లక్షల మందిని ఈ జబ్బు ఎందుకు పొట్టన పెట్టుకుంటోంది?

చాలా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ల్యాబ్ టెక్నీషియన్ బల్ల మీద ఇప్పుడు రెండు చిన్న పెట్టెలు కనిపిస్తున్నాయి. వాటి పేరు ట్రూనాట్. దగ్గుతూ వచ్చిన మనిషి డబ్బాలో ఇచ్చిన కఫాన్ని టెక్నీషియన్ ముందు ఒక ద్రావణం కలిపి పలచన చేస్తారు. మొదటి పెట్టె అందులోంచి డీఎన్‌ఏను వేరు చేస్తుంది. ఆ చుక్కను చిన్న చిప్ మీద వేసి రెండో పెట్టెలోకి నెడితే, సుమారు గంటలో టీబీ ఉందో లేదో తెర మీద తేలిపోతుంది. ఉందని తేలితే ఇంకో చిప్ పెడతారు. ఆ క్రిమి టీబీకి ప్రధానమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగేదో కాదో అది చెబుతుంది. ఏసీ గది అక్కర్లేదు. కరెంటు పోయినా బ్యాటరీ మీద నడుస్తుంది.

దీన్ని తయారుచేసింది మనవాళ్లే. బెంగళూరులోని బిగ్‌టెక్ ల్యాబ్స్ ఏళ్ల తరబడి శ్రమించి రూపొందిస్తే, గోవా కేంద్రంగా పనిచేసే మోల్‌బయో జనంలోకి తెచ్చింది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదముద్ర వేసింది. అంతకుముందు మన ఊళ్లలో టీబీ పరీక్ష అంటే గాజు పలక మీద కఫం పూసి, రంగు వేసి, మైక్రోస్కోపులో వెతకడమే. 1882లో రాబర్ట్ కాక్ టీబీ క్రిమిని కనిపెట్టినప్పటి నుంచీ దాదాపు అదే పద్ధతి. కఫంలో క్రిములు బాగా ఎక్కువగా ఉంటే తప్ప దొరికేవి కావు. జీన్‌ఎక్స్‌పర్ట్ అనే అమెరికా యంత్రం 2010 తర్వాత ఆ లోటు కొంత తీర్చింది కానీ, దానికి నిలకడైన కరెంటు, చల్లటి గది కావాలి. అందుకే పెద్దాసుపత్రులు దాటి కిందికి రావడం కష్టమైంది. ట్రూనాట్ మండలం దాకా వచ్చింది.

సరే, దగ్గుతూ ఆసుపత్రికి వచ్చినవాళ్లకు పరీక్ష దొరికింది. రానివాళ్ల సంగతి? 2019-21లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశమంతటా జరిపిన టీబీ సర్వే ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది. లక్షణాలున్న ప్రతి వందమందిలో 64 మంది ఎక్కడా చూపించుకోలేదు. అంతకంటే కలవరపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. సర్వేలో దొరికిన టీబీ కేసుల్లో 42.6 శాతం ఛాతీ ఎక్స్‌రే తీయకపోతే బయటపడేవే కావు. ఎందుకంటే వాళ్లలో దగ్గు, జ్వరం, బరువు తగ్గడం లాంటివేవీ చెప్పుకోదగ్గంతగా లేవు. కూలికి వెళ్తున్నారు, వంట చేస్తున్నారు, పిల్లల్ని ఎత్తుకుంటున్నారు. లోపల మాత్రం ఊపిరితిత్తుల్లో క్రిమి పెరుగుతోంది.

అలాంటివాళ్ల కోసమే చేత్తో పట్టుకెళ్లే ఎక్స్‌రే యంత్రాలు ఊళ్లలోకి వస్తున్నాయి. 2024 డిసెంబరు 7న 347 జిల్లాల్లో మొదలుపెట్టి, ఆ తర్వాత దేశమంతటికీ విస్తరించిన టీబీ కార్యక్రమంలో వీటిదే ముఖ్య పాత్ర. పెద్ద కెమెరాలా ఉండే యంత్రాన్ని స్టాండుకు బిగిస్తారు. ఎదురుగా పలకకు ఛాతీ ఆనించి మనిషి నిలబడితే, కాసేపట్లో బొమ్మ ల్యాప్‌టాప్‌లోకి వచ్చేస్తుంది. కృత్రిమ మేధతో పనిచేసే సాఫ్ట్‌వేర్ అనుమానం ఉన్న చోట గుర్తు పెడుతుంది. వెంటనే ఆ మనిషి కఫం తీసుకుని పరీక్షకు పంపుతారు. కృత్రిమ మేధ గురించి చాలా గొప్పలు వింటున్నాం. రేడియాలజిస్టు ముఖమే చూడని పల్లెలో అది చేస్తున్న ఈ పనికి మాత్రం మనస్ఫూర్తిగా దణ్ణం పెట్టాలి.

మొండి టీబీకి ఆర్నెల్లు

రిఫాంపిసిన్‌కు లొంగని టీబీ వస్తే ఒకప్పుడు ఏడాదిన్నర, రెండేళ్ల నరకం. గుప్పెడు మాత్రలతో పాటు నెలల తరబడి రోజూ ఇంజెక్షన్లు. వాటి దెబ్బకు కొందరికి చెవులు పోయేవి. ముంబయికి చెందిన జర్నలిస్టు నందితా వెంకటేశన్ అలా వినికిడి కోల్పోయినవారే. దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమేజా టిసిలేదీ అదే కథ. బెడాక్విలిన్ అనే కొత్త మందు మీద పేటెంటును ఇంకా పొడిగించుకోవాలని జాన్సన్ అండ్ జాన్సన్ ప్రయత్నిస్తే, మన పేటెంటు కార్యాలయంలో అభ్యంతరం చెప్పినవారిలో వీళ్లిద్దరూ ఉన్నారు. 2023 మార్చిలో ఆ దరఖాస్తును కార్యాలయం తోసిపుచ్చింది. జులైలో అసలు పేటెంటు గడువు తీరిపోయింది. దాంతో మన కంపెనీలు చౌకగా తయారుచేసే దారి తెరుచుకుంది. జబ్బుతో పోరాడి బయటపడ్డవాళ్లు తర్వాత వచ్చేవాళ్ల కోసం గెలిచిన పోరాటమిది. మన పత్రికలు దీన్ని ఇంకా గట్టిగా చెప్పి ఉండాల్సింది.

2024 సెప్టెంబరులో కేంద్రం బీపామ్ చికిత్సను అనుమతించింది. బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్... ఈ నాలుగూ నోటి మాత్రలే. ఇంజెక్షన్ లేదు. కోర్సు ఆర్నెల్లు.

యంత్రం ఉంది, మందు ఉంది. 2015లో లక్ష జనాభాకు 237గా ఉన్న కొత్త కేసులు 2024కు 187కు తగ్గాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అంటే 21 శాతం తగ్గుదల. ప్రపంచ సగటు కంటే ఇది మెరుగే. కానీ 2025కల్లా టీబీని అంతం చేస్తామని 2018లో దేశం పెట్టుకున్న లక్ష్యానికి మాత్రం చాలా దూరంలో ఆగిపోయాం. ప్రపంచంలోని టీబీ రోగుల్లో ఇప్పటికీ నాలుగో వంతు మనవాళ్లే.

మదనపల్లె కొండగాలి నుంచి జార్ఖండ్ రేషన్ మూట దాకా

లోపం ఎక్కడుందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం పేరు మన పాతతరానికి బాగా తెలుసు. 1912లో డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ ఆధ్వర్యంలో అక్కడ క్షయ శానిటోరియం ఏర్పడింది. మందు లేని రోజులవి. చల్లటి గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు, కడుపునిండా తిండి... ఇదే వైద్యం. దక్షిణాది నలుమూలల నుంచీ రోగులు వచ్చేవారు. 1948లో దేశంలో టీబీ నివారణకు బీసీజీ టీకాలు వేయడం మొదలైంది కూడా మదనపల్లెలోనే.

తర్వాత మందులొచ్చాయి. కానీ లక్షలాది రోగులకు పడకలెక్కడివి? 1956లో మద్రాసులో ఐసీఎంఆర్, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి ఒక కేంద్రం పెట్టాయి. పేదవాడల్లోని రోగుల్లో సగం మందిని శానిటోరియంలో చేర్చారు, సగం మందికి ఇంట్లోనే మందులిచ్చారు. 1959లో వెలువడిన ఫలితం ప్రపంచాన్ని కదిలించింది. ఇరుకు ఇంట్లో, అరకొర తిండితో, పనికి వెళ్తూ మందు వేసుకున్నవాళ్లు కూడా శానిటోరియం వాళ్లతో దాదాపు సమానంగా కోలుకున్నారు. ఇంట్లోవాళ్లకు అదనపు ముప్పూ కనిపించలేదు. ఆ దెబ్బతో దేశదేశాల్లో శానిటోరియంలు మూతబడ్డాయి. టీబీ వైద్యం పేదవాడి గడపలోకి వచ్చింది. అది భారత గడ్డ మీద జరిగిన గొప్ప వైద్య పరిశోధనల్లో ఒకటి, సందేహం లేదు.

అయితే దాంతో పాటు ఒక మాట స్థిరపడిపోయింది. మందు వేసుకుంటే చాలు, తిండి ఎలా ఉన్నా పర్వాలేదన్న మాట. ఆ అధ్యయనం చెప్పింది అంత కాదు. కానీ విధానాలు రాసేవాళ్లకు అది సౌకర్యంగా ఉంది. అరవై ఏళ్లు అలాగే నడిచింది.

ఆ మాటను పరీక్షకు పెట్టినవారు డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవీ భార్గవ. ఐసీఎంఆర్ అండతో 2019 నుంచి 2022 వరకు జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో వారి బృందం ‘రేషన్స్’ పేరుతో అధ్యయనం చేసింది. 2,800 మంది టీబీ రోగులు, వారి ఇళ్లలో ఉంటున్న 10,345 మంది కుటుంబ సభ్యులు. వారిలో చాలామంది ఆదివాసులు. చికిత్స మొదలయ్యేనాటికి ప్రతి అయిదుగురు రోగుల్లో నలుగురు ఉండాల్సినదానికంటే తక్కువ బరువున్నారు. దాదాపు సగం మంది ఎముకల గూళ్లలా ఉన్నారు.

రోగులందరికీ నెలకు పది కిలోల ఆహారం ఇచ్చారు. బియ్యం, పప్పు, పాలపొడి, నూనె, విటమిన్ మాత్రలు. కుటుంబ సభ్యులను మాత్రం రెండు జట్లు చేశారు. ఒక జట్టు ఎప్పటిలాగే తిన్నది. రెండో జట్టులో ఒక్కొక్కరికీ నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు అదనంగా ఇచ్చారు. 2023లో లాన్సెట్ వైద్య పత్రికల్లో వచ్చిన ఫలితాలు ఇవి: అదనపు తిండి అందిన కుటుంబాల్లో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. ఇతరులకు అంటుకునే ఊపిరితిత్తుల టీబీ అయితే 48 శాతం. రోగుల విషయానికొస్తే, మొదటి రెండు నెలల్లో ఒంటి బరువు 5 శాతం పెరిగినవారిలో మరణం ముప్పు 61 శాతం తక్కువ. 40 కిలోల మనిషికి 5 శాతం అంటే 2 కిలోలు. అంతే.

ఇది ఎలా సాధ్యం? మన దేశంలో పదిహేనేళ్లు దాటిన ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరి ఒంట్లో టీబీ క్రిమి నిద్రపోతూ ఉంది. రోగనిరోధక శక్తి దాన్ని కట్టిపడేసి ఉంచుతుంది. మధుమేహం, మద్యం, పొగాకు ఆ కట్టును వదులు చేస్తాయి. వీటన్నిటికంటే ఎక్కువగా మన దగ్గర ఆ పని చేసేది ఆకలి. మాంసకృత్తులు చాలని ఒంట్లో పోరాడే కణాలు సరిగా తయారుకావు. కాబట్టి కిలోన్నర పప్పు ఇక్కడ దానం కాదు, టీకా చేయాల్సిన పని చేస్తోంది. పెద్దవాళ్లకు పనిచేసే కొత్త టీకా కోసం హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ స్పెయిన్ సంస్థ బయోఫాబ్రితో కలిసి 2024లో ప్రయోగాలు మొదలుపెట్టింది. అది రావాలి, తప్పకుండా రావాలి. ఈలోగా పప్పుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. అదనపు రేషన్‌కు అయిన ఖర్చు 2019 ధరల్లో మనిషికి నెలకు 300 రూపాయల పైచిలుకు.

తమిళనాడు ఇంకో దారి చూపింది. 2022లో అక్కడ మొదలైన పథకంలో టీబీ నిర్ధారణ కాగానే నర్సు అయిదు విషయాలు చూస్తుంది. బరువెంత, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీసుకుంటున్నారు, రక్తంలో ఆక్సిజన్ ఎంత, కాళ్లకు నీరు చేరిందా, ఆసరా లేకుండా నిలబడగలరా. తేడా ఉంటే వెంటనే ఆసుపత్రిలో చేర్చి తిండీ, వైద్యమూ అందిస్తారు. టీబీ చావుల్లో ఎక్కువ భాగం చికిత్స మొదలైన తొలి రెండు నెలల్లోనే జరుగుతాయి కాబట్టి ఆ మొదటి రోజు చూపే బతికిస్తుంది. దీనికి కావలసింది తూకం యంత్రం, వేలికి పెట్టే ఆక్సిమీటర్, శ్రద్ధ.

కేంద్రం కూడా కదిలింది. 2018 నుంచి రోగికి నెలకు 500 రూపాయలు ఇస్తున్న నిక్షయ్ పోషణ్ యోజనను 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు చేసింది. దాతలు ‘నిక్షయ్ మిత్ర’లుగా ఇచ్చే ఆహార కిట్లను కుటుంబ సభ్యులకూ వర్తింపజేస్తామంది. మంచిదే. కానీ దాత దొరికితేనే పప్పు అన్నది నాకు మింగుడుపడదు. మాత్రల కోసం మనం దాతల్ని వెతకడం లేదు కదా. మరణాన్ని తగ్గిస్తుందని రుజువైన దాన్ని మందుల పద్దులోనే రాయాలి. 2024 మొదట్లో చాలా రాష్ట్రాల్లో టీబీ మందులకే కొరత వచ్చింది. అప్పుడు రోగులు పడ్డ అవస్థ మళ్లీ రాకుండా చూడటం కూడా ఆ పద్దులోదే.

మన రెండు రాష్ట్రాలకు ఇది అందని పని కాదు. తెలంగాణ 2025 నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 5 కిలోలు. అన్నానికి లోటు లేదు, లోటంతా పప్పుకు, గుడ్డుకు. ఊళ్లో ఎవరింట్లో టీబీ రోగి ఉన్నారో ఆశా కార్యకర్తకు తెలుసు, టీబీ రోగుల వివరాలు నమోదుచేసే ప్రభుత్వ నిక్షయ్ పోర్టల్‌లోనూ ఉంది. ఆ ఇంటి రేషన్ కార్డుకు చికిత్స జరిగినన్నాళ్లూ మనిషికి కిలోన్నర చొప్పున పప్పు చేర్చండి. రెండు ప్రభుత్వాలకూ ఇదే విన్నపం.

ఇక పాఠకులకు. మీ ఇంట్లో, మీ దగ్గర పనిచేసేవాళ్లలో, ఎవరికైనా రెండు వారాలు దాటి దగ్గు ఉంటే మందుల షాపు సిరప్‌తో సరిపెట్టకండి. ఇంట్లో ఒకరికి టీబీ అని తేలితే మిగతా అందరికీ, దగ్గు లేకపోయినా, ఎక్స్‌రే తీయించండి. పరీక్షలూ మందులూ ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. సందేహముంటే టీబీ హెల్ప్‌లైన్ నంబరు 1800-11-6666.