పర్సుడీహ్‌లో కొత్త కాపురం

బదిలీ ఉత్తర్వు చేతికందిన నాడు ఉద్యోగి ఆలోచించేది క్వార్టరు గురించి, పిల్లల చదువు గురించి. భాష తెలియని ఊరిలో పగలంతా ఒంటరిగా ఇల్లు నడపవలసిన ఇల్లాలి సంగతి ఆ తరువాత ఎప్పుడో గుర్తుకు వస్తుంది. మన సంస్థ కుటుంబాలలో చాలామందికి ఇది స్వానుభవమే కనుక మా ఇంటి ముచ్చట ఒకటి ఇక్కడ చెప్పడానికి సాహసిస్తున్నాము.

1994లో మా తమ్మునికి వివాహమైంది. మా మరదలికి అప్పుడు ఇరవై యేళ్లు. టెక్కలి దాటి ఎరుగదు. దంపతులు పలాసలో రైలెక్కి, ఖరగ్‌పూర్‌లో బండి మారి టాటానగర్ చేరుకున్నారు. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం ఆనాటికి ప్రపంచంలోనే అతి పొడవైనదని పేరు. దాని పొడవునా తెలుగు మాటలు వినిపించేసరికి, కాపురం చేయబోయే ఊరూ ఇలాగే ఉంటుందని ఆమె ధైర్యపడిందట.

జంషెడ్‌పూర్‌లో తెలుగువారికి కొదవ లేదు. అక్కడి కర్మాగారంలో 1912లో తొలి ఉక్కు తయారైంది. 1919లో ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టారు. కాళీమాటి స్టేషను టాటానగర్ అయింది. రైల్వే పనికీ, కార్ఖానా పనికీ మన ఉత్తరాంధ్ర జిల్లాల నుండి వెళ్లి స్థిరపడినవారు ఎందరో. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్తుల రామమందిరమే ఉన్నది. అయితే అదంతా పట్టాలకు ఇవతల. తమ్ముడు అద్దెకు తీసుకున్న రెండు గదులు పట్టాలకు అవతల, పర్సుడీహ్‌లో. లారీల మీద సరుకు దిగే మార్కెట్ యార్డు, ఇరుకు సందులు, హిందీ, బెంగాలీ, సంతాలీ, హో భాషలు.

మా శ్రీమతికి ఆమె వ్రాసిన ఉత్తరాలు ఇంకా మా పెట్టెలో ఉన్నాయి. మొదటి దానిలో ఆవనూనెతో పోపు వేయబోతే ఇల్లంతా పొగ కమ్మి, కళ్లు మండి, పక్కవారు పరుగెత్తి వచ్చిన వైనం. రెండవ దానిలో కూరగాయల పేర్లు: కుందరీ అంటే దొండకాయ, ఝింగీ అంటే బీరకాయ, నేనువా అంటే నేతిబీర. బొగ్గులవాడు "కల్" అని వెళ్లిపోయాడు, నిన్న వేశానంటున్నాడో రేపు వేస్తానంటున్నాడో తెలియక పొయ్యి వెలిగించలేదు అని మూడవ దానిలో. మూడు నెలలు గడిచేసరికి హాస్యం తగ్గింది. భర్త రాత్రి షిఫ్టుకు వెళితే తలుపుకు పెట్టె అడ్డం పెట్టి తెల్లవార్లూ కూర్చుంటున్నానని వ్రాసింది. వాటికి మేము విశాఖ నుండి పంపిన జవాబులన్నీ ఒకటే: సర్దుకుపోవాలి అని. నేడు తలచుకుంటే సిగ్గుగా ఉన్నది.

1995 వానాకాలంలో, ఎనిమిదవ నెల నడుస్తుండగా, ఒక రాత్రి నొప్పులు మొదలయ్యాయి. తమ్ముడు షిఫ్టులో ఉన్నాడు. గోడకవతల ఆకుకూరలు అమ్ముకొనే సంతాల్ ఆవిడ ఉండేది. హిందీ ఇద్దరికీ అంతంతమాత్రమే. తలుపు తట్టిన చేయి చూసి, మొగం చూసి, ఆవిడే వానలో వెళ్లి రిక్షా తెచ్చింది. రైలు గేటు పడి ఉన్నది. గూడ్సు బండి కదలదు. ఆ సేపంతా ఆవిడ మా మరదలి చేయి పట్టుకొని సంతాలీలో ఏదో చెబుతూనే ఉన్నదట. "ఒక్క ముక్క అర్థం కాలేదక్కా, కాని ఆవిడ మాట ఆపితే భయం వేసేది" అని ఆ తరువాతి ఉత్తరంలో ఉన్నది.

తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోలు కూడా లేదు. షిఫ్టు దిగి వచ్చిన తమ్ముడు తాళం వేసిన ఇల్లు చూసి, వీధి చివర టీ కొట్టువాడు చెప్పగా ఆసుపత్రికి పరుగెత్తాడు. బిడ్డ నిలదొక్కుకోవడానికి నెల పట్టింది. ఆ నెలంతా గంజి కాచి తెచ్చినదీ, పసిదానికి నూనె రాసినదీ ఆ ఆకుకూరల ఆవిడే. మా అమ్మగారు పురిటికి టెక్కలి తీసుకుపోదామని బయలుదేరి వెళ్లారు గాని, అప్పటికి మా మరదలే రానన్నది.

తరువాత తమ్మునికి పట్టాలకు ఇవతల క్వార్టరు దొరికినా వారు మారలేదు. 2000లో ఆ ప్రాంతం బీహారు నుండి విడివడి ఝార్ఖండ్ అయింది. పర్సుడీహ్‌లోనే చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఛఠ్ పండుగకు ఆమె ఇంటినుండి అరటిగెల వెళుతుంది, సంక్రాంతికి ఆమె అరిసెలు వీధంతా తింటుంది. హిందీ ధారాళంగా మాట్లాడుతుంది. అయినా ఎవరైనా "కల్" అనగానే, వచ్చేదా పోయినదా అని ఈనాటికీ అడిగి తీరుతుంది.