బండి ఎత్తు తగ్గినా బరువు తగ్గదు



ఈ మధ్య మన సంఘములలోని యౌవనస్థులు కొందరు సెల్‌ఫోనులో విదేశాల పాత వ్యానుల బొమ్మలు చూపించి, "అయ్యగారూ, ఈ బండి నేలకు ఆనుకున్నట్టు ఎంత బాగున్నదో చూడండి. మన బండి ముందు భాగము కూడా ఇలా దించవచ్చునా?" అని అడుగుచున్నారు. మెకానిక్ పని నేర్చుకొనుచున్న కుమారులు మన కుటుంబాలలో చాలామంది ఉన్నారు. "అది లోకాశ" అనే ఒక్క మాటతో వారి నోరు మూయించుట మాకు సరి అనిపించలేదు. ఆ పని ఏమిటో, దానిని సరిగా చేసేవారు ఎలా చేస్తారో, ఎక్కడ ప్రాణము మీదికి వస్తుందో తెలిసికొని చెప్పుట మేలు. అందుకే ఈ నెల ఆ సంగతి వ్రాయుచున్నాము.

ఆ వ్యాను ఏది?

ఆ బొమ్మలలో ఎక్కువగా కనబడేది జర్మనీ దేశపు ఫోక్స్‌వ్యాగన్ వ్యాను. 1947 ఏప్రిల్ 23న బెన్ పాన్ అనే డచ్ వ్యాపారి తన నోటుపుస్తకములో గీసిన చిన్న బొమ్మ దానికి మొదలు. 1950 మార్చిలో తయారీ ఆరంభమైంది. 1956 నుండి హానోవర్ పట్టణములోని కర్మాగారములో చేశారు. మొదటి నమూనా 1967 వరకు, రెండవ నమూనా 1979 వరకు జర్మనీలో తయారైనవి. బ్రెజిల్ దేశములో మాత్రము ఆ పాత ఆకారమే 2013 చివరి వరకు నడిచింది. 2014 నుండి అక్కడ కొత్త బండ్లకు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ బ్రేకులు తప్పనిసరి అయినందున ఆ తయారీ ఆగిపోయింది.

ఈ బండికి ఇంజను వెనుక ఉంటుంది. డ్రైవరు ముందు చక్రాల మీదనే కూర్చుంటాడు. అతని మోకాళ్ల ముందు ఉండేది పలుచని రేకు మాత్రమే. కనుక ముందు చక్రాలకు ఏమి జరిగినా, ముందు వరుసలో కూర్చున్నవారికి దెబ్బ తగులుటకు ఎంతో దూరము లేదు. పని చేయబూనినవాడు మొదట గుర్తుంచుకొనవలసిన సంగతి ఇదే.

కంటికి కనబడని పని

మన జీపులకు, సామాను బండ్లకు కమాను పట్టీలు ఉంటాయి గదా. బరువు పడినప్పుడు అవి వంగి, మరల లేస్తాయి. ఈ వ్యానులో పట్టీలు వంగవు, మెలితిరుగుతాయి. ముందు భాగములో అడ్డముగా, ఒకదాని క్రింద ఒకటిగా రెండు ఇనుప గొట్టాలు ఉంటాయి. ఒక్కొక్క గొట్టములో సన్నని ఉక్కు పట్టీల కట్ట ఉంటుంది. ఆ కట్ట నడుము గొట్టము మధ్యలో కదలకుండా బిగించబడి ఉంటుంది. దాని రెండు కొసలకు చేతుల వంటి కడ్డీలు, ఆ చేతులకు చక్రాలు. చక్రము గుంటలో పడి లేచినప్పుడు, తడి గుడ్డను పిండినట్టు ఆ కట్ట మెలితిరిగి, మరల తన స్థితికి వస్తుంది.

1967 వరకు వచ్చిన బండ్లలో చక్రము అటు ఇటు తిరుగుటకు కింగ్ పిన్నులు, లింకు పిన్నులు ఉండేవి. వీటికి తప్పక గ్రీజు పట్టించాలి. అదికూడా బండి ముందు భాగమును జాకీతో లేపి, చక్రాలు గాలిలో ఉండగా పట్టించాలి. బరువు మోయుచున్న పిన్ను గ్రీజును ఒత్తిడి పడే వైపునకు రానియ్యదు. బరువు దించితేనే గ్రీజు లోపలి వరకు చేరుతుంది.

మార్చేవారు ఏమి మారుస్తారు?

1968 నమూనా నుండి పిన్నులకు బదులు బాల్ జాయింట్లు వచ్చినవి. 1971 నమూనా నుండి ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వచ్చినవి. అంతకు ముందువి డ్రమ్ము బ్రేకులు. ఈ గొట్టాల చట్రము చాసిస్‌కు బోల్టులతో బిగించబడినది గనుక మొత్తముగా ఊడదీయవచ్చు. అందుచేత పాత బండి గలవారు కొందరు తరువాతి కాలపు చట్రమును తెచ్చి దానికి అమర్చుచున్నారు. మంచి బ్రేకులు రావలెనని చేసే ఈ మార్పులో అర్థమున్నది. అయితే కొత్త బ్రేకులకు తగిన మాస్టర్ సిలిండరు, పైపులు, చక్రాలు, స్టీరింగు కడ్డీల కొలతలు అన్నీ ఒకదానికొకటి సరిపడాలి. ఒకటి మార్చి మిగిలినవి అలాగే వదిలితే బ్రేకు సరిగా పనిచేయకపోవచ్చు.

దించే పని

ఎత్తు తగ్గించుటకు తెలిసినవారు రెండు మార్గాలు అనుసరించుచున్నారు. మొదటిది: గొట్టాల మధ్య, పట్టీల కట్ట బిగించియున్న చోటు కోసి, తిప్పి బిగించుకొనే ఏర్పాటును వెల్డింగు చేస్తారు. దానిని తిప్పితే రెండు వైపుల చేతులు ఒకేసారి పైకి లేచి, బండి క్రిందికి దిగుతుంది. రెండవది: చక్రపు ఇరుసు కొన పైభాగమున ఉండునట్లు చేసిన వేరు విడిభాగమును అమర్చుతారు. దీనివలన బండి సుమారు రెండున్నర అంగుళాలు దిగినా, చేతులు ఉండవలసిన స్థితిలోనే ఉంటాయి. చక్రము పైకి క్రిందికి కదలుటకు చోటు మిగులుతుంది. కుదుపు తట్టుకొను శక్తి చెడదు.

మొదటి మార్గములో మాత్రము జాగ్రత్త ఎక్కువ కావాలి. బండి దిగినకొలది చక్రము లేచుటకు ఉన్న చోటు తగ్గిపోతుంది. పాత షాక్ అబ్జార్బరు పొడవు ఎక్కువై, అడుగు తగిలి కొట్టుకుంటుంది. పొట్టిది వేయాలి. స్టీరింగు కడ్డీల వాలు మారినందువలన, గుంట వచ్చినప్పుడు చేతిలోని స్టీరింగు తిప్పకపోయినా చక్రము తనంతట తాను తిరుగుతుంది. ముందు భాగమును మాత్రమే దించి వెనుక భాగమును ఎత్తుగా వదిలితే, చక్రము తిన్నగా పోయే గుణము తగ్గి, ప్రక్క గాలికి బండి ఊగుతుంది. టైరు మడ్‌గార్డు రేకుకు రాసుకుంటుంది. కనుక పని ముగిసిన తరువాత చక్రాల అలైన్‌మెంటు చూపించక రోడ్డెక్కరాదు.

చవకలో చేసేవారు ఇవేమీ చూడరు. కట్టలోని పట్టీలు కొన్ని పీకివేస్తారు. మన ప్రాంతాలలో కార్లకు స్ప్రింగులు కోయుట, మంట పెట్టి వాటిని కుంగదీయుట మనకు తెలిసినదే. ఎత్తు తగ్గుతుంది, చూపునకు బాగుంటుంది. కాని ఎక్కే మనుష్యుల బరువు ఏమియు తగ్గలేదు. ఆరుగురిని మోయుటకు చేసిన ఉక్కు నలుగురిని మోయలేనిదైపోతుంది. ఆ సంగతి ఇంటి ముందు నిలిపినప్పుడు తెలియదు. నిండుగా మనుష్యులతో, చీకటిలో, కల్వర్టు దగ్గరి గుంటలో పడినప్పుడే తెలుస్తుంది.

చట్టము ఏమంటున్నది?

జర్మనీలో ఇటువంటి మార్పు చేసినవారు బండిని పరీక్ష చేయించి కాగితాలలో వ్రాయించుకోవాలి. మన దేశములో 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను కాగితములోని వివరాలు తయారుచేసినవారు ఇచ్చినవాటికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీనిని గట్టిగా చెప్పింది. యాభై సంవత్సరములు దాటిన బండ్లను వింటేజి వాహనములుగా నమోదు చేయుటకు 2021లో కేంద్రము నియమాలు చేసింది. వాటి ప్రకారము చాసిస్, బాడీ, ఇంజనులను పెద్దగా మార్చినవి ఆ లెక్కలోనికి రావు. మార్పు చేయించిన బండికి ప్రమాదము జరిగితే ఇన్సూరెన్సు దగ్గర కూడా చిక్కులు రావచ్చు. తండ్రులు కుమారులతో ఈ మాట ముందుగానే చెప్పవలెను.

మనకు పాఠము

లూకా సువార్త 14వ అధ్యాయములో విందుకు వచ్చినవారు అగ్రపీఠముల కొరకు చూచుచుండగా, కడపటి చోటున కూర్చుండుమని మన ప్రభువు నేర్పెను. తగ్గించుకొనుట మంచిదే. అయితే ఏది తగ్గవలెను? ఆ వ్యానులోవలె, కొందరిలో ఎత్తు తగ్గుతుంది గాని మోసే శక్తి కూడ పోతుంది. మాట మెత్తగా ఉంటుంది, తల వంగి ఉంటుంది. కాని ఇంటిలో చిన్న కుదుపు రాగానే అడుగు తగిలి కొట్టుకుంటారు. కోడలు ఎదురు చెప్పినా, సంఘములో తమ పేరు పిలువకపోయినా ఓర్చుకొను చోటు లోపల మిగలదు. నిజమైన దీనత్వము అట్టిది కాదు. అది క్రిందికి దిగియుండియు, ఇతరుల భారము మోయుటకు చోటు ఉంచుకొనును.

ఆ గ్రీజు సంగతి కూడ మరువవద్దు. బరువు దించనిదే నూనె లోపలికి పోదు. ఆదివారము ఆరాధనకు వచ్చియు మనస్సులో పొలము, అప్పు, పెండ్లి ఖర్చు మోయుచునే కూర్చుంటే వాక్యము ఎక్కడ చేరును?

బ్రదర్ ఆండ్రూ అని పేరు పొందిన డచ్ దైవసేవకుడు కమ్యూనిస్టు దేశాలకు బైబిళ్లు తీసికొనిపోయిన సంగతి మనలో అనేకులకు తెలుసు. 1928లో జన్మించిన ఆయన 2022 సెప్టెంబరులో ప్రభువునందు నిద్రించారు. ఆయన నడిపినది ఫోక్స్‌వ్యాగన్ చిన్న కారు. దాని ముందు భాగము కూడ ఇదే విధమైన గొట్టాలు, పట్టీలతో చేసినదే. ఆ కారు ఎత్తు ఎంత అని ఎవరూ అడుగరు. అది ఏమి మోసినదో మాత్రము లోకము జ్ఞాపకము ఉంచుకున్నది.

కన్వెన్షనుకో, పెండ్లికో బండి కట్టించుకొని బయలుదేరునప్పుడు ఈ చిన్న పరీక్ష చేయించండి. ముందు చక్రమును జాకీతో లేపి, పైన క్రింద పట్టుకొని ఊపమనండి. కదలిక ఉంటే పిన్నులో, జాయింటులో, బేరింగులో అరుగుదల ఉన్నట్టు. ప్రక్కలకు ఊపినప్పుడు కదిలితే స్టీరింగు కడ్డీలు చూపించాలి. టైరు ఒక అంచున మాత్రమే అరిగితే అలైన్‌మెంటు తప్పినట్టు. పది నిమిషాల పని. మెకానిక్ పని నేర్చిన మన కుమారులు సంఘమునకు ఈ సేవ చేయవచ్చు. అది వారి చేతిపనికి ఘనత.

మీ ప్రయాణములన్నిటిలో ప్రభువు మిమ్మును, మీ పిల్లలను క్షేమముగా నడిపించి ఇంటికి చేర్చును గాక. ఆమేన్.