గుత్తకిచ్చిన చెఱసాల



ఊరిచెఱువును గుత్తకిచ్చుట మీరెఱిగినదే. చేపలు పెరుగవలెనని గుత్తదారు కోరుట న్యాయమే. చెఱసాలను గుత్తకిచ్చినచో అతడేమి కోరును? దానినే నేడు విన్నవించెదను.

అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రమున 1983లో ఇట్టి కంపెనీ యొకటి వెలసినది. ఖైదీ యొక్కనికి దినమున కింతయని ప్రభుత్వము చెల్లించును. ఇందువలన వ్యయము తగ్గునందురు. ఆ తగ్గుదల పెక్కుచోట్ల కావలివారి జీతములనుండియు, ఖైదీల వైద్యమునుండియు వచ్చినది. ఆరిజోనా రాష్ట్రపు కొన్ని ఒడంబడికలలో, పడకలు ఖాళీగానున్నను నూటికి నూఱుపాళ్ల సొమ్ము చెల్లింపవలసియుండెను. ఆ దేశపు న్యాయశాఖ 2016లో తనిఖీచేయగా, గుత్త చెఱసాలలలో పెక్కు విషయములందు భద్రతాలోపములు హెచ్చని తేలినది.

అంతకంటె ఘోరమొకటి కలదు. పెన్సిల్వేనియా రాష్ట్రమున ఇరువురు న్యాయాధిపతులు ప్రైవేటు బాలకారాగారములవారి ధనము గైకొని, చిన్న తప్పులకే పిల్లలనచటికి పంపిరి. గుట్టు బయటపడగా 2009లో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము వేలకొలది తీర్పులను రద్దుచేసెను. న్యాయాధిపతులు తుదకు తామే ఖైదీలైరి. పోయిన బాల్యమును మాత్ర మెవ్వరును మరల నీయజాలకపోయిరి.

నేరము చేసినవాడు బాగుపడి, మరల చెఱకు పోకుండుట మనకు లాభము. అతడు మరల వచ్చుట గుత్తదారునకు లాభము. ఈ రెండు నొక్క త్రాసున తూగవని నా మనవి.