టామ్‌క్యాట్ సర్వరు మార్పిడిలో వచ్చు చిక్కులు

టిక్కెట్టు కొనుట, పరీక్షా ఫలితము చూచుట, బ్యాంకు ఖాతా సరిచూచుకొనుట మున్నగు పనులెన్నియో నేడు ఇంటి నుండియే జరుగుచున్నవి. చేతిలోని ఫోను అడుగును; ఎచ్చటనో దూరమున ఉన్న కంప్యూటరు బదులు చెప్పును. ఆ కంప్యూటరులో రెండు విధములైన ప్రోగ్రాములుండును. ఒకటి లెక్క కట్టుట, ఫలితము వెదకుట వంటి అసలు పని చేయును. రెండవది వాకిట నిలిచి, వచ్చిన ప్రతి అభ్యర్థనను అందుకొని, తగిన ప్రోగ్రామునకు అప్పగించి, సమాధానమును తిరిగి పంపును. ఈ రెండవ దానినే సర్వరు అందురు.

జావా భాషలో వ్రాసిన ప్రోగ్రాములకు విరివిగా వాడుచున్న సర్వరులలో టామ్‌క్యాట్ ఒకటి. ఇది సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో పుట్టి, 1999లో అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చేతికి వచ్చినది. దీనిని ఎవరైనను వెల లేకుండ తీసికొని వాడుకొనవచ్చును.

మూడంతస్తుల కట్టడము

ఈ ఏర్పాటును మూడంతస్తుల మేడతో పోల్చవచ్చును. క్రింది అంతస్తు జావా. నడిమి అంతస్తు టామ్‌క్యాట్. పై అంతస్తు మనకు పనికివచ్చు ప్రోగ్రాము. మూడింటికిని వేరువేరు కూర్పులు కలవు. టామ్‌క్యాట్ 9కి జావా 8 గాని, అంతకు పైది గాని కావలెను. టామ్‌క్యాట్ 10.1కి జావా 11 చాలును. టామ్‌క్యాట్ 11కి జావా 17కి తక్కువ పనికిరాదు. ఒక అంతస్తును మార్చి తక్కిన రెంటిని మరచినచో మేడ నిలువదు. మార్పిడిలో వచ్చు చిక్కులలో పెక్కింటికి మూలము ఒక ప్రోగ్రాములోని తప్పు కాదు. ఈ మూడు అంతస్తులకు పొత్తు కుదరకపోవుటయే.

మరి, చక్కగా నడుచుచున్న దానిని మార్చుట ఎందుకను ప్రశ్న కలుగవచ్చును. 2020 ఫిబ్రవరిలో టామ్‌క్యాట్‌లో ఒక లోపము బయటపడినది. దానికి ఘోస్ట్‌క్యాట్ అని పేరు వచ్చినది. ముందు నిలుచు మరొక సర్వరుతో మాటాడుటకై టామ్‌క్యాట్ 8009 అను సంఖ్య గల ద్వారమును తెరచి ఉంచెడిది. ఆ ద్వారమును చేరగలిగిన పరాయివాడు లోపలి ఫైళ్లను చదువగలిగెడివాడు. సవరించిన కూర్పులు వెంటనే వెలువడినవి. వానికి మారినవారికే రక్షణ దొరకినది. టామ్‌క్యాట్ 8.5కి సవరణలు 2024 మార్చి 31తో ఆగిపోయినవి. ఆ తరువాత దానిలో లోపము బయటపడినను మరమ్మతు రాదు. కావున కదలకుండ ఉండుట క్షేమము కాదు. ఎట్లు కదలవలెనో తెలిసికొనుటయే క్షేమము.

ఇంటిపేరు మారిన కథ

టామ్‌క్యాట్ 9 నుండి 10కి మారునపుడు వచ్చు చిక్కు అన్నింటిలో పెద్దది. సర్వరుతో మాటాడుటకు ప్రోగ్రాము వాడు పనిముట్లన్నింటికిని ఒక ఇంటిపేరుండును. తొలినుండి ఆ ఇంటిపేరు “జావాఎక్స్”. సన్ సంస్థను 2010లో ఒరాకిల్ కొన్నది. 2017లో ఒరాకిల్ ఈ పనిముట్ల సంపుటిని ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగించ నిశ్చయించినది. కాని జావా అను వ్యాపార నామముపై హక్కును తనయొద్దనే ఉంచుకొన్నది. పాత ఇంటిపేరుతో పనిముట్లను పెంచుటకు గాని, మార్చుటకు గాని వీలులేదని 2019లో తేలినది. అందుచే 2020 డిసెంబరులో వానికి “జకార్తా” అను కొత్త ఇంటిపేరు వచ్చినది. జకార్తా జావా ద్వీపములోని నగరమే. టామ్‌క్యాట్ 10 మొదలుకొని ఈ కొత్త పేరే చెల్లును.

దత్తత పోయిన పిల్లవానికి ఇంటిపేరు మారును; మనిషి మారడు. కాని పాత ఇంటిపేరుతో వెదకువారికి అతడు దొరకడు. ఇచ్చటను అంతే. పాత ప్రోగ్రాము “జావాఎక్స్.సర్వ్‌లెట్” అని పిలుచును, కొత్త సర్వరులో ఆ పేరు గలవారెవరును లేరు. “క్లాస్ నాట్ ఫౌండ్” అను ఫిర్యాదు లాగ్ ఫైలులోనికెక్కును.

ఫిర్యాదు వచ్చుట ఒక విధముగా మేలు. ఒక్కొక్కప్పుడు అదియు రాదు. కొన్ని ప్రోగ్రాములు తమ ఉనికిని తెలుపు గుర్తులను తమలోనే పొదిగి ఉంచుకొనును. ఆ గుర్తులు పాత ఇంటిపేరుతో ఉన్నచో కొత్త సర్వరు వానిని గుర్తులుగా లెక్కింపదు. సర్వరు లేచును, లాగ్ ఫైలులో తప్పేమియు కనబడదు, పుట తెరచినవారికి మాత్రము “404”, అనగా అట్టి పుట లేదను సమాధానము వచ్చును. నిర్వాహకుడు చిరునామాలోనో, అనుమతులలోనో తప్పు వెదకుచు రాత్రియంతయు గడుపును. టామ్‌క్యాట్ 10కి మారిన వెంటనే ఇట్టి నిశ్శబ్దపు 404 వచ్చినచో మొదట అనుమానింపవలసినది ఇంటిపేరునే.

దీనికి రెండు చికిత్సలు కలవు. ప్రోగ్రాము మూలపాఠము చేతిలో ఉన్నచో పేర్లు మార్చి తిరిగి తయారుచేయుట ఉత్తమము. లేనిచో అపాచీ వారే ఒక మార్పిడి పనిముట్టును ఇచ్చిరి. టామ్‌క్యాట్ 10లో “వెబ్‌యాప్స్-జావాఈఈ” అను సంచిలో పాత ప్రోగ్రామును ఉంచినచో సర్వరే పేర్లు మార్చి, మార్చిన ప్రతిని “వెబ్‌యాప్స్” సంచిలో పెట్టును.

ఒక హెచ్చరిక అవసరము. జావాఎక్స్ అని ఉన్న చోటనెల్ల జకార్తా అని దిద్దరాదు. “జావాఎక్స్.ఎస్‌క్యూఎల్”, “జావాఎక్స్.నేమింగ్”, “జావాఎక్స్.క్రిప్టో” మున్నగునవి క్రింది అంతస్తు, అనగా జావా యొక్క సొంత పనిముట్లు. అవి దత్తత పోలేదు. వాని ఇంటిపేరు మారలేదు. గ్రుడ్డిగా దిద్దినచో ఉన్న రోగము పోక కొత్త రోగము పట్టుకొనును. ప్రోగ్రాము ఆధారపడు ఇతర గ్రంథాలయముల మాటయు మరువరాదు. ఉదాహరణకు స్ప్రింగ్ 5 పాత ఇంటిపేరునే ఎరుగును. 2022లో వెలువడిన స్ప్రింగ్ 6 కొత్త పేరునకు మారినది. దానికి జావా 17 కావలెను. ఒక పై మార్పు క్రింది అంతస్తు వరకు దిగివచ్చుట ఇందు చూడనగును.

జావా కూర్పు తేడాలు

జావాలో తయారైన ప్రతి ఫైలుపై ఒక సంఖ్య ముద్రింపబడి ఉండును. జావా 8కి 52, జావా 11కి 55, జావా 17కి 61. సంఖ్య నుండి 44 తీసివేసినచో జావా కూర్పు తెలియును. కొత్త జావా పాత ఫైళ్లను చదువగలదు. పాత జావా కొత్త ఫైళ్లను చదువలేదు. “అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్” అను ఫిర్యాదులో ఈ సంఖ్యలు రెండును కనబడును. ఫైలుపై 61 ఉండి, యంత్రము 55 వరకే చదువగలనన్నచో, జావా 17 కోరు ప్రోగ్రామును జావా 11పై నిలిపినారని అర్థము. ఒకే కంప్యూటరులో రెండు మూడు జావాలుండుట సామాన్యము. ఏ జావాను వాడవలెనో “జావా హోమ్” అను అమరిక చెప్పును. మొదట దానిని చూడవలెను.

అమరికల చిక్కులు

కొత్త సర్వరును స్థాపించి, పాత “సర్వర్.ఎక్స్‌ఎంఎల్” ఫైలును దానిపై కాపీ చేయుట పలువురు చేయు పొరపాటు. అట్లు చేసినచో రక్షణకై కొత్తగా వచ్చిన మార్పులు తుడిచిపెట్టుకొనిపోవును. కొత్త ఫైలునే ఉంచి, పాతదానిలో మనము చేసికొన్న మార్పులను ఒక్కొక్కటిగా చేర్చుట సరియైన పద్ధతి. ఘోస్ట్‌క్యాట్ తరువాత 8009 ద్వారము మామూలుగా మూయబడియే ఉండును. తెరచినను అది అదే కంప్యూటరు నుండి వచ్చు పిలుపులనే వినును. రహస్యపదమును కూడ కోరును. కావున ముందున్న సర్వరు “503” అని చెప్పుచు, టామ్‌క్యాట్‌ను 8080 ద్వారమున నేరుగా పిలిచిన పలుకుచున్నచో, లోపము ఈ ద్వారమువద్దనే వెదకవలెను. సర్వరు అసలే లేవక “అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్” అన్నచో ఆ ద్వారమును మరొక ప్రోగ్రాము ఆక్రమించినదన్నమాట. తరచుగా ఆ ఆక్రమించినది ఆపుట మరచిన పాత టామ్‌క్యాటే.

లాగ్ ఫైలును చదువు పద్ధతి

“లాగ్స్” సంచిలో ముఖ్యముగా రెండు ఫైళ్లుండును. “కాటలినా” ఫైలు సర్వరు సంగతులను, “లోకల్‌హోస్ట్” ఫైలు ప్రోగ్రాముల సంగతులను చెప్పును. ప్రోగ్రాము మొదలు కాలేదని మొదటి ఫైలు చెప్పి ఊరకుండును. కారణము తరచుగా రెండవ దానిలో ఉండును. సర్వరు లేచినప్పటి నుండి కాలక్రమమున వచ్చిన మొట్టమొదటి ఫిర్యాదును పట్టుకొనవలెను. తరువాతివి చాలవరకు దాని సంతానమే. ఆ ఒక్క ఫిర్యాదులో మాత్రము అడుగునకు పోవలెను. “కాజ్డ్ బై” అని ఆరంభమగు చిట్టచివరి పంక్తియే మూలకారణమును చూపును.

పాత సర్వరును చెరపకుండ ప్రక్కననే ఉంచి, కొత్తదానిని వేరొక సంచిలో, వేరొక ద్వారమున నిలిపి పరీక్షించుట క్షేమము. మొదట జావాను, పిదప టామ్‌క్యాట్‌ను, అటుపిమ్మట ప్రోగ్రామును మార్చుచు, ప్రతి మెట్టున ఆగి చూడవలెను. మూడింటిని ఒక్క రాత్రి మార్చినచో, తప్పు ఏ అంతస్తులోనిదో చెప్పుట కష్టమగును. ఒక్కొక్కటిగా మార్చినచో, చివర మార్చినదియే కారణమని వెంటనే తెలియును. వెనుకకు తిరుగుటకును దారి ఉండును.