కారులో చల్లదనము తగ్గిన కారణ మెట్లు తెలియును?

మే మాసపు మధ్యాహ్నమున ఒక బాలింతను, పసిబిడ్డను ఎక్కించుకొని పుల్లలచెరువు నుండి ఎఱ్ఱగొండపాలెము మీదుగా మార్కాపురము ఆసుపత్రికి బాడుగ కారొకటి పోవుచున్న దనుకొందము. వెలుపల 42 డిగ్రీల సెంటీగ్రేడు. కారు పరుగెత్తినంతసేపు లోపల చల్లగానే ఉన్నది. ఎఱ్ఱగొండపాలెములో పది నిమిషములు నిలిచెనో లేదో, వెచ్చని గాలి రాసాగినది. బిడ్డ ఏడ్పు ఆపదు. డ్రైవరు మెకానికు నడిగిన తరచుగా వచ్చు జవాబు, "గ్యాసు అయిపోయినది, నింపవలెను" అని. ఆ మాట నిజమో కాదో తేల్చుటకు ఉన్నత పాఠశాలలో చెప్పు భౌతికశాస్త్రము చాలును.

పెట్రోలు వలె ఈ గ్యాసు ఖర్చగునది కాదు. మూసిన గొట్టములలో అదే పదార్థము మరల మరల తిరుగుచుండును. తగ్గినదన్నచో ఎచటనో కారినదని అర్థము. కారు చోటు వెదకక ఏటేట నింపించుట చిల్లికుండలో నీరు పోయుటయే.

నేటి కార్లలో పెక్కింట వాడు పదార్థము ఆర్-134ఏ. వాతావరణ పీడనమున ఇది సున్నకు 26 డిగ్రీలు దిగువననే మరుగును. కూజాలోని నీరు ఆవిరియగుచు కూజా వేడిని గ్రహించినట్లే, డ్యాష్‌బోర్డు వెనుకనున్న కూలింగు కాయిలులో ఈ ద్రవము ఆవిరియై కారులోని వేడిని గ్రహించును. కంప్రెసరు ఆ ఆవిరిని నొక్కి, కారు ముందుభాగమున నున్న కండెన్సరునకు పంపును. అచట అది వేడిని బయటి గాలికిచ్చి మరల ద్రవమగును.

మెకానికు తగిలించు రెండు గేజీలు ఈ రెండు వైపుల పీడనములను తెలుపును. క్రింది గేజీ చదరపు అంగుళమునకు 35 పౌనులు చూపినచో కాయిలులోని ద్రవము సుమారు 4 డిగ్రీల వద్ద మరుగుచున్నదని అర్థము. పై గేజీ 225 చూపినచో కండెన్సరులో అది 60 డిగ్రీలకు దగ్గరగా నున్నది. 42 డిగ్రీల గాలికి వేడి నీయవలెనన్న అంతకంటె వేడిగా నుండక తప్పదు గదా!

ఇచట పొరపడుటకు వీలున్నది. ఇంజను ఆపి కొంతసేపుంచిన రెండు గేజీలును సమానమగును. 40 డిగ్రీల వద్ద సుమారు 130 పౌనులు చూపును. దీనిని చూచి గ్యాసు నిండుగ నున్న దనుకొనరాదు. వంటగ్యాసు బండలో ద్రవ మొక చుక్క మిగిలియున్నంతవరకు, ఉష్ణోగ్రత మారనిచో పీడనము మారదు. ఎంత ఉన్నదో తెలియుటకు బండను తూచెదము. కారులోను అంతే. ఉన్నదంతయు యంత్రముతో వెలికి తీసి, బానెటు క్రింది చీటీపై వ్రాసిన గ్రాములను తూచి నింపుటయే సరియైన పద్ధతి. చిన్న కార్లలో ఇది అరకిలోకు అటునిటుగా నుండును.

ఇక మన డ్రైవరు సంగతి. పరుగులో చల్లదనము, నిలిచిన వెచ్చదనము. పరుగులో కండెన్సరునకు గాలి తనంత తగులును. నిలిచినపుడు ఫ్యానే దిక్కు. నిలిచియున్నపుడు కంప్రెసరు మెల్లగా తిరుగును గనుక చల్లదనము కొంత తగ్గుట సహజము, కాని ఇంత కాదు. ఫ్యాను తిరుగుచున్నదా? కండెన్సరు రేకుల నడుమ దుమ్ము, పురుగులు కూరుకొన్నవా? రెండు చెంబుల నీరు కండెన్సరుపై చల్లి చూడవలెను. వెంటనే చల్లని గాలి వచ్చినచో లోపము వేడిని వదలుటలోనే కలదు. ఇట్టి కారులో గ్యాసు ఇంకను నింపిన పై పీడనము మరింత పెరిగి, కంప్రెసరునకే చేటు. ఫ్యాను ఏ క్షణముననైన తిరుగవచ్చును గావున చేతులు దూరముగ నుంచవలెను.

రెండు గేజీలును తక్కువ చూపినచో గ్యాసు కారినదని అనుమానింపవలెను. గ్యాసుతో పాటు నూనె కూడ బయటపడును గాన కీళ్లవద్ద జిడ్డు మరక కనబడును; సబ్బునురుగు పూసిన బుడగలు లేచును. క్రిందిది ఎక్కువ, పైది తక్కువ యైనచో కంప్రెసరు అరిగినదేమో చూడవలెను. గాలియే మందముగ వచ్చుచున్నచో ముందు క్యాబిను ఫిల్టరు తీసి దులుపుడు; కొందరికి దానితోనే పని తీరును.

ఓజోను పొరకు హాని చేయుచున్నందున 1987 నాటి మాంట్రియల్ ఒప్పందము మూలమున పాత ఆర్-12 తొలగినది. ఆర్-134ఏకు ఆ దోషము లేదు. కాని నూరేండ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువు కంటె సుమారు 1400 రెట్లు వేడిని పట్టియుంచును. గొట్టము విప్పి గాలిలోనికి వదలుట అందుచేత కూడనిది. ద్రవము కంటిలో పడిన కన్ను గడ్డకట్టును.

కాసేపు చల్లగా నుండి, పిదప ఆగి, ఇంజను ఆపి ఉంచిన మరల చల్లబడు కారులో లోపలికి తేమ చేరియుండవచ్చును. ఆ నీరు సన్నని వాల్వు వద్ద మంచై దారి మూయును. అపుడు క్రింది గేజీ సున్నవైపు జారును. తేమను పీల్చు డ్రయ్యరును మార్చి, పంపుతో లోపలి గాలినంతయు లాగి, ఆ పిమ్మట గ్యాసు తూచి నింపుదురు.